ఒకే మందు - రెండు వైరస్‌లు

పిల్లలూ! హెచ్.ఐ.వి. మన రక్షకభటుల వంటి తెల్ల రక్తకణాలను నాశనం చేస్తుంది. హెపటైటిస్-బి వైరస్ కాలేయంలో కాపురం పెడుతుంది. రెండూ రక్తం, ఇతర శరీర ద్రవాల ద్వారా సోకేవే గనుక, ఒకే మనిషిలో చేరవచ్చు. అప్పుడు కాలేయం మరింత త్వరగా చెడిపోతుంది.

ఒక విశేషం గమనించండి. ఈ రెండు వైరస్‌లూ ఆర్.ఎన్.ఎ. నుండి డి.ఎన్.ఎ.ను తయారు చేసుకుంటాయి. ఆ పనిచేసే ఎంజైమును టెనోఫోవిర్ అడ్డుకుంటుంది. అందువల్లనే, ఇతర మందులతో కలిపి ఇచ్చే ఈ మందు రెండింటినీ అణచగలదు. అణచుతుందే గాని నిర్మూలించదు! వైద్యుని అడగకుండా మానేస్తే కాలేయంలోని వైరస్ మళ్ళీ విజృంభించవచ్చు.

హెచ్.ఐ.వి.కి టీకా ఇంకా లేదు. హెపటైటిస్-బికి ఉంది, 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ దానిని చౌకగా అందించింది. పుట్టిన 24 గంటలలోపే మొదటి మోతాదు వేయించాలి. మీ ఇంట పసిపాప పుడితే ఈ మాట మరచిపోకండి.