తిరుపతి నుంచి పల్లె కౌంటీకి: కుళాయి తిప్పే ముందు

ఎస్వీ మెడికల్ కాలేజీలో చదివి, అమెరికాలో రెసిడెన్సీ ముగించి, జే-1 వీసా వెయివర్ (స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న షరతు నుంచి మినహాయింపు) మీద మూడేళ్ల ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు చాలాసార్లు దక్కేది న్యూజెర్సీ కాదు. డాక్టర్లు దొరకని పల్లె కౌంటీ. మొక్కజొన్న చేల మధ్య చిన్న ఆసుపత్రి, ఊరికి దూరంగా పెద్ద ఇల్లు, అద్దె తక్కువ. ఆ ఇంటి పెరట్లో నేలలోంచి పొడుచుకొచ్చిన ఇనుప గొట్టం, దానికి మూత కనిపిస్తే అది బోరు. ఇక మీ నీళ్ల సంగతి మీరే చూసుకోవాలి.

తిరుమల మీద పాపవినాశనం, గోగర్భం డ్యాముల నీళ్లు శుద్ధి చేసి కుళాయికి పంపేది టీటీడీ. కింద తిరుపతిలో నీళ్లు రంగు మారితే వెళ్లి అరవడానికి కార్పొరేషన్ ఆఫీసుంది. అమెరికాలో పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) నిబంధనలు ఊరికంతటికీ నీళ్లిచ్చే సరఫరాలకే వర్తిస్తాయి; సొంత బావులకు వర్తించవు. ఆ దేశంలో సుమారు 4 కోట్ల 30 లక్షల మంది అలాంటి బావుల నీళ్లే తాగుతున్నారు.

మన పడమటి మండలాల వాళ్లకు బోరంటే కొత్తా? అరచేతిలో టెంకాయ పెట్టుకుని పాయింటు చూసినవాళ్లం, వెయ్యి అడుగులు దించినా దుమ్మే లేస్తే బండి పంపించేసినవాళ్లం. రెండంగుళాల నీళ్లు పడితే చాలనుకుంటాం. గుటక వేసి ఉప్పో తీపో తేల్చేస్తాం. ఆ పరీక్ష అక్కడ పనికిరాదు. అయోవా వంటి సేద్యపు రాష్ట్రాల్లో ఎరువుల నుంచి, పశువుల పేడ నుంచి దిగే నైట్రేటుకు రుచి లేదు. న్యూహాంప్‌షైర్, మెయిన్ రాతి నేలల్లోని ఆర్సెనిక్‌కూ లేదు. గ్లాసులో నీళ్లు తళతళలాడుతూనే ఉంటాయి.

కాన్పుకు అమ్మ వస్తుంది. పసిబిడ్డ డబ్బా పాలకు నీళ్లు బాగా తెర్లించి చల్లార్చాలంటుంది. క్రిములకైతే ఆమె మాటే శాస్త్రం. నైట్రేటుకు మాత్రం అది తిరగబడుతుంది: నీళ్లు ఆవిరయ్యేకొద్దీ మిగిలిన దాంట్లో నైట్రేటు చిక్కబడుతుంది. నైట్రోజన్ లెక్కలో లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే, ముఖ్యంగా ఆరు నెలల లోపు బిడ్డలకు, రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలం తిరిగే ప్రమాదముంది. జగ్గు ఫిల్టరు నైట్రేటును ఆపదు. సింకు కింద బిగించే ఆర్వో ఆపుతుంది. పరీక్ష ఫలితం చేతికొచ్చేదాకా బిడ్డకు సీసా నీళ్లే వాడండి.

పరీక్ష కష్టమేమీ కాదు. కౌంటీ ఆరోగ్య శాఖకు ఫోన్ చేస్తే రాష్ట్రం గుర్తించిన ల్యాబు పేరు చెబుతారు. అయోవాలో సొంత బావుల పరీక్షకు రాష్ట్రమే డబ్బిచ్చే పథకం కూడా ఉంది. ల్యాబు సీసాలో కాస్త తెల్లపొడి కనిపిస్తే మురికనుకుని కడిగేయకండి, అది క్లోరిన్‌ను విరిచే మందు. మూత లోపలి వైపు వేలు తగలనివ్వకండి. ల్యాబు కాగితంలో చెప్పినంతసేపు చన్నీళ్లు వదిలి, ఆ తర్వాతే పట్టండి. కోలిఫాం బ్యాక్టీరియా, నైట్రేటు పరీక్షలు ఏడాదికోసారి తప్పవు. ఆర్సెనిక్ ఇంట్లో దిగగానే ఒకసారి చూపించండి. వరదొచ్చినా, మోటారు మార్చినా మళ్లీ పరీక్ష చేయించాలి. సెప్టిక్ ట్యాంకు బోరుకు కనీసం 50 అడుగుల దూరంలో ఉందో లేదో ఇల్లు చూసిన రోజే అడగండి. 1986కు ముందు కట్టిన ఇల్లయితే పైపు అతుకుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి వంటకు వేడినీళ్ల కుళాయి వద్దు.

నీళ్ల తర్వాత గాలి. అయోవా మొత్తాన్నీ ఈపీఏ రేడాన్ ఎక్కువగా ఉండే మండలంగా గుర్తించింది. నేలలోని యురేనియం నుంచి పుట్టే ఈ వాయువు పునాది పగుళ్ల గుండా బేస్‌మెంట్‌లో చేరుతుంది. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగాకు తర్వాత పెద్ద కారణం ఇదే. మనవాళ్లు బేస్‌మెంట్‌నే పూజగదిగానో, అమ్మానాన్నల పడకగదిగానో చేస్తారు, అందుకే ఇంత చెప్పడం. రేడాన్ పరీక్ష కిట్టు తెచ్చి అక్కడే పెట్టండి. లీటరు గాలికి 4 పికోక్యూరీలు దాటితే పైపు, ఫ్యాను పెట్టించి గాలిని ఇంటి కప్పు పైకి పంపించాలి.

మంచు తుపానుకు కరెంటు పోతే మోటారు ఆగుతుంది, కుళాయీ ఆగుతుంది. మనిషికి రోజుకు ఒక గ్యాలన్ లెక్కన మూడు రోజులకు సరిపడా నీళ్లు నిల్వ పెట్టుకోండి. జనరేటరును గ్యారేజీలో, తలుపు తెరిచి ఉన్నా సరే, నడపకండి. ఇంటికి కనీసం 20 అడుగుల అవతల పెట్టండి. వంకాయ కాల్చాలని బొగ్గుల కుంపటి ఇంట్లోకి తెచ్చేవాళ్లున్నారు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ప్రతి అంతస్తులో, పడకగదుల దగ్గర దానికో అలారం ఉండాలి.

ఇక పొగ అలారం. తిరగవాత వేసిన ప్రతిసారీ మోగుతోందని బ్యాటరీ పీకేసిన వంటిళ్లు ఎన్నో. అక్కడి ఇళ్లు ఎక్కువగా కొయ్యవి, మన కాంక్రీటు గోడలు కావు. మంట అందుకుంటే బయటపడటానికి దొరికేది కొద్ది నిమిషాలే. బాండీలో నూనె అంటుకుంటే నీళ్లు చల్లకండి, మూత పెట్టి స్టౌ ఆపండి. దీపం వెలిగించి గుడికి వెళ్లే అలవాటు మానుకోండి.

పల్లెలో ఫైరింజన్ వచ్చేసరికి ఆలస్యమవుతుంది, చాలాచోట్ల మంటలార్పేది స్వచ్ఛందంగా పనిచేసే ఊరివాళ్లే. ఇంటి నంబరు, రోడ్డు పేరు, కౌంటీ పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అతికించండి. 911కు ఫోన్ చేసి ఆ మూడు ముక్కలు చెప్పడం అమ్మానాన్నలకు వచ్చిన మొదటి వారంలోనే నేర్పండి.