రెండవ చెంప చూపడం అంటే నోరు మూసుకోవడం కాదు



ఒక చెంపపై కొట్టినవానికి రెండవ చెంప కూడా చూపమని క్రీస్తునాథుడు బోధించారు. ఈ మాటను మనలో చాలామంది ‘ఎవరేమన్నా పడి ఉండాలి’ అనే అర్థంలో తీసుకుంటారు. సున్నపు బట్టీలో కూలి తగ్గించి ఇచ్చినా, కులం పేరు పెట్టి కించపరచినా ‘మనం క్రైస్తవులం, ఓర్చుకోవాలి’ అంటారు. ప్రభువు చెప్పింది ఇదేనా?

యోహాను సువార్త 18వ అధ్యాయం చదవండి. ప్రధానార్చకుని ఎదుట ఒక బంట్రోతు యేసును చెంపపై కొట్టాడు. ప్రభువు తిరిగి కొట్టలేదు. అలాగని ఊరుకోనూ లేదు. తన మాటలో తప్పుంటే చూపమని, లేకుంటే ఎందుకు కొట్టావని అడిగారు. చేయి ఎత్తకపోవడం, అన్యాయాన్ని ప్రశ్నించడం: ఈ రెండూ కలిస్తేనే క్రీస్తు చూపిన అహింస.

క్రైస్తవులు కానివారు కూడా ఈ దారిన నడిచారు. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచినప్పుడు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ప్రజలను కూడగట్టారు. ఆయన స్వచ్ఛంద సేవకుల దళం పేరు రామదండు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చిన తరువాత, వేలాదిమంది ఇండ్లు విడిచి ఊరి బయట పాకలు వేసుకున్నారు. ఆ చోటికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. ఎండావానలకు ఓర్చి సుమారు పదకొండు నెలలు ఉన్నారు. నాయకుడు జైలు పాలయ్యాక తిరిగి రాక తప్పలేదు. అహింసకు వెంటనే ఫలితం దక్కుతుందన్న హామీ లేదు.

అమెరికాలోని మాంట్‌గోమరీ నగరంలో 1955 డిసెంబరు 1న, బస్సులో తెల్లవారికి సీటు ఇవ్వనందుకు రోసా పార్క్స్‌ను అరెస్టు చేశారు. నల్లవారు బస్సులు ఎక్కడం మానివేశారు. 381 రోజులు నడిచారు, కార్లు పంచుకున్నారు. వారి సభలు జరిగింది దేవాలయాలలోనే. అక్కడే ప్రార్థించి, అక్కడే చందాలు పోగుచేశారు. నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ 26 ఏండ్ల బాప్టిస్టు పాస్టరు. 1956 జనవరిలో ఆయన ఇంటిపై బాంబు వేసినప్పుడు, కోపంతో చేరిన జనాన్ని ఆయనే శాంతపరచి పంపారు. కోర్టు తీర్పుతో ఆ ఏడాది డిసెంబరులో బస్సులలో వేర్పాటు తొలగిపోయింది.

ఇక మన ప్రాంతానికి వస్తే, చీరాలకు దగ్గరలోని కారంచేడులో తాగే చెరువు నీటిని పాడుచేయడాన్ని దళితులు ప్రశ్నించారు. అడ్డుచెప్పిన ఒక మహిళ పేరు సువార్త. మరునాడు, 1985 జూలై 17న, ఆరుగురు దళితులను చంపివేశారు. మిగిలినవారు, వారిలో అనేకులు క్రైస్తవులు, చీరాలకు చేరి శిబిరంలో ఉన్నారు. అవమానపడిన ఊరికి తిరిగి వెళ్లబోమన్నారు. న్యాయం కోరి సభలు జరిపారు, కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు తుది తీర్పు వచ్చేసరికి 2008 అయింది. ఇరవై మూడేండ్లు! ఓర్పు అంటే అది. నోరు మూసుకున్నవారి ఓర్పు కాదు, అడగడం మానని వారి ఓర్పు.

అయితే బయటివారిని ప్రశ్నించే ముందు మన గడప చూసుకోవాలి. దేవాలయంలో కూర్చునే చోటికీ, సమాధుల తోటలో పడుకునే చోటికీ కులం చూసే అలవాటు ఎక్కడున్నా, అది ప్రభువు చెంపపై పడిన దెబ్బే. ఒకే దివ్యసత్ప్రసాదాన్ని స్వీకరించే మనం ఆ దెబ్బ కొట్టేవారి పక్కన నిలబడగలమా?

కుటుంబ ప్రార్థన తరువాత కలసి ఆలోచించండి:

1. మనం ఓర్పు అని పిలుచుకొంటున్నదానిలో భయం ఎంత?
2. పొరుగువారికి అన్యాయం జరిగినప్పుడు మనం ఎవరి పక్కన నిలబడ్డాము?
3. ద్వేషం లేకుండా, గౌరవంగా, నలుగురితో కలసి ఈ వారం ఏ అన్యాయాన్ని ప్రశ్నించగలము?