వ్యాపారానికి ఆలోచన ఎక్కడ దొరుకుతుంది?



చదువు ముగిసి ఉద్యోగం దొరకనివారు చాలామంది "ఏదైనా వ్యాపారం పెడతాను" అంటారు. ఏ వ్యాపారమని అడిగితే పక్కవీధిలో బాగా నడుస్తున్న దుకాణాన్ని చూపిస్తారు. దాని సరసన అలాంటిదే మరొకటి వెలుస్తుంది. అందుకోసం అమ్మ మెడలోని గొలుసు తాకట్టుకు వెళుతుంది. దుకాణం ఏడాదికే మూతపడుతుంది, గొలుసు మాత్రం తిరిగిరాదు. అందుకే ఈ వారం ఈ పాఠం.

హైదరాబాదు పాతబస్తీలోని యాకుత్‌పురా స్టేషనులో రైలు దిగి చార్మినారు వైపు నడవండి. చార్మినారు పక్కనున్న లాడ్ బజారు లక్క గాజులకు ప్రసిద్ధి. 2024లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. బజారులో మెరిసే గాజులు పాతబస్తీ గల్లీలలో, చిన్న చిన్న ఇళ్ళలో తయారవుతాయి. లక్కను బొగ్గుల సెగపై కరిగించి, రంగు కలిపి, కడ్డీగా సాగదీసి, గుండ్రంగా వంచుతారు. ఆపైన రాళ్ళను ఒక్కొక్కటిగా అద్దుతారు. ఇది కళ్ళను అరగదీసే పని. కూలి చాలా తక్కువ.

ఇదంతా చూసి "నేనూ గాజుల కొట్టు పెడతాను" అనుకున్నవాడు చూడవలసినది చూడలేదన్నమాట. కొట్లకు అక్కడ కొదవ లేదు. ఈ పనిలో ఎవరికి ఎక్కడ ఇబ్బంది కలుగుతున్నదో చూడాలి. లక్క వేడికి మెత్తబడుతుంది, కింద పడితే పగులుతుంది. అలాంటి సరుకును వేసవిలో పొరుగూరికి పంపాలంటే గాజు కదలని, రాయి రాలని పెట్టె కావాలి. పెళ్ళికి కొన్న గాజుకు రాయి ఊడితే మళ్ళీ అతికించేవాడు కావాలి. ఒక్క గాజు వెనుకనే ఇన్ని అవసరాలున్నాయి.

జగద్గురువులు రెండవ జాన్ పాల్ 1991లో వెలువరించిన 'చెంతేసిముస్ ఆన్నుస్' విశ్వలేఖలో, ఇతరుల అవసరాలను ముందుగా గుర్తించే నేర్పు కూడా సంపదకు మూలమని బోధించారు. అయితే రాళ్ళు అద్దే స్త్రీ కూలిలో కోత పెట్టి లాభం చూపేదాన్ని ఆలోచన అనరు, దోపిడి అంటారు.

ఆలోచన తట్టగానే అప్పు కోసం పరుగెత్తవద్దు. పది కొట్లకు వెళ్ళండి. "నా పెట్టె బాగుందా?" అని అడిగితే మర్యాదకు అందరూ బాగుందనే అంటారు. "ఇప్పుడు ఎలా పంపుతున్నారు? పోయిన నెల ఎన్ని పగిలాయి?" అని అడగండి. ఇరవై పెట్టెలు చేతితో చేసి అమ్మి చూడండి. రెండోసారి అడిగినవారు ఎందరో రాసుకోండి. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కించుకోడా అని ప్రభువే అడిగారు (లూకా 14:28). మచ్చుకు, పెట్టెకు 14 రూపాయల ఖర్చయి 20కి అమ్ముడుపోతే మిగిలేది 6. నెలకు 500 అమ్మినా 3,000 రూపాయలే, అందులోనే మీ కూలి! ఇల్లు గడవదు. అప్పుడు రాళ్ళు అతికించే పనిని కూడా కలుపుకోవాలేమో ఆలోచించాలి.

ధైర్యం ఎంత ఉండాలన్నదానికి మన రాష్ట్రంలోనే ఒక ప్రయోగం జరిగింది. 1964–65లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ బృందం కాకినాడ వ్యాపారులు సుమారు 50 మందికి హైదరాబాదులోని చిన్నపరిశ్రమల శిక్షణ సంస్థలో తరగతులు ఏర్పాటు చేసింది. అందులో రింగులు విసిరే ఆట ఒకటి. మేకుకు మరీ దగ్గర నిలబడితే గెలుపుకు విలువ లేదు, మరీ దూరమైతే అదృష్టమే దిక్కు. తగుదూరం ఎంచుకోవడం నేర్పడమే ఆ ఆట ఉద్దేశం. కుర్రాళ్ళ ఆటలా ఉంది కదూ! కానీ తర్వాతి రెండేళ్ళలో శిక్షణ పొందనివారికన్నా వీరే ఎక్కువ చొరవ చూపారు. ఆ సంస్థ నేడు యూసుఫ్‌గూడలో వేరే పేరుతో పనిచేస్తున్నది.

పెట్టెలకు గిరాకీ నిలిచిందని తేలాక బ్యాంకుకు వెళ్ళండి. ముద్రా పథకం 'శిశు' విభాగంలో తాకట్టు లేకుండా 50,000 రూపాయల వరకు రుణం ఇస్తారు. గొలుసు అమ్మ మెడలోనే ఉంటుంది. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. చేయించి పెడతామని డబ్బు అడిగేవారికి ఇవ్వనక్కరలేదు.