అగ్నిగోళం కనిపిస్తే ఏం చేయాలి?

రాత్రి ఆరుబయట ఉన్నప్పుడు చుక్క రాలడం మనలో చాలామందిమి చూసే ఉంటాం. నిజానికి రాలేది చుక్క కాదు. ఇసుక రేణువంత, గులకరాయంత ముక్క అంతరిక్షం నుంచి సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో వాతావరణంలోకి దూసుకొస్తుంది. దాని ముందున్న గాలి నొక్కుకుపోయి విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేడికి ముక్క ఆవిరవుతూ వెలుగుతుంది. అదే ఉల్క. శుక్రగ్రహం కంటే ఎక్కువ కాంతితో వెలిగే ఉల్కను అగ్నిగోళం అంటారు.

దగ్గరలోనే పడిందా?

చూసినవారు ‘మా ఊరి చెరువు వెనకాలే పడింది’ అంటుంటారు. ఉల్కలు సాధారణంగా 80 నుంచి 120 కిలోమీటర్ల ఎత్తులో వెలగడం మొదలుపెడతాయి. అందుకే ఒకే అగ్నిగోళం రెండు మూడు రాష్ట్రాల వారికి కనిపించగలదు.

మెరిసిందల్లా ఉల్క కాదు

2022 ఏప్రిల్ 2 సాయంత్రం మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ ఆకాశంలో మండుతూ వెళ్లినవి చైనా రాకెట్ శకలాలు. చంద్రపూర్ జిల్లాలో ఒక లోహపు వలయం కూడా దొరికింది. ఉల్క కొద్ది సెకన్లలో మాయమవుతుంది. రాకెట్ శకలాలు నిదానంగా, ముక్కలుగా విడిపోతూ చాలాసేపు కనిపిస్తాయి.

ముందు వెలుగు, తరువాత దెబ్బ

2013 ఫిబ్రవరి 15 ఉదయం రష్యాలోని చెల్యాబిన్‌స్క్ నగరం మీదుగా సుమారు 20 మీటర్ల రాయి వచ్చి, దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తులో పేలింది. వెలుగు వెంటనే కనిపించింది. శబ్దానికి కిలోమీటరు దాటడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది కనుక పేలుడు తరంగం నగరాన్ని చేరేసరికి రెండు నిమిషాలు దాటింది. ఈలోగా ఏమిటా వెలుగని జనం కిటికీల దగ్గరికి చేరారు. దాదాపు 1,500 మంది గాయపడ్డారు. ఎక్కువ గాయాలు పగిలిన గాజు వల్లే అయ్యాయి. ఒక ఉపాధ్యాయిని మాత్రం వెలుగు చూడగానే తన 44 మంది పిల్లల్ని బల్లల కిందికి వెళ్లమన్నారు. వారిలో ఒక్కరికీ గాజు గుచ్చుకోలేదు. ఆమె చేతికే గాయమైంది.

గుర్తుంచుకోవలసినవి

1. కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగు కనిపిస్తే కిటికీలకు, గాజు తలుపులకు దూరంగా జరగండి. కొన్ని నిమిషాలు అక్కడికి తిరిగి వెళ్లకండి. మన శాఖల్లో ముందువైపంతా గాజే కనుక ఖాతాదారులకూ ఇదే చెప్పండి.

2. వెలుగుకూ శబ్దానికీ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. ఆ సంఖ్యను 3తో భాగిస్తే దూరం సుమారుగా కిలోమీటర్లలో వస్తుంది.

3. సమయం, మీరు నిలుచున్న చోటు, ఉల్క మొదలైన దిక్కు, ముగిసిన దిక్కు, రంగు వెంటనే రాసుకోండి. చేయి చాచి పట్టుకున్న పిడికిలి సుమారు 10 డిగ్రీలు. దానితో ఎత్తు కొలవవచ్చు.

4. ఈ వివరాలను అంతర్జాతీయ ఉల్కా సంస్థ వెబ్‌సైట్‌లో నమోదు చేయవచ్చు. వేర్వేరు ఊళ్ల నుంచి అందిన వివరాలతోనే ఉల్క దారిని గుర్తిస్తారు. చెల్యాబిన్‌స్క్‌లో కార్ల కెమెరాలు, వీధి కెమెరాలు ఇందుకు ఎంతో ఉపయోగపడ్డాయి.

5. పైన పలుచని నల్లటి పొర ఉన్న కొత్త రాయి దొరికితే కడగకండి, పగలగొట్టకండి. స్థానిక అధికారుల ద్వారా భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు తెలియజేయండి.

బీహార్‌లోని షేర్‌ఘాటీలో 1865 ఆగస్టు 25న ఒక రాయి పడింది. అది అంగారకుడి నుంచి వచ్చిందని నూరేళ్లు దాటాక శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆనాడు దాన్ని ఏరి భద్రపరిచారు కాబట్టే అది సాధ్యమైంది.