పిల్లి చెవి వ్యాధులు: గ్రామసభలో చెప్పవలసిన సంగతులు

ఇంటి ధాన్యము ఎలుకల పాలుగాకుండ కాపాడు పిల్లి మాటిమాటికి తల విదిలించుచు, చెవి గోకుకొనుచున్నచో ఉపేక్షింపరాదు. చెవిలో కాఫీపొడి వంటి నల్లని గులిమి చేరినచో, సాధారణముగ కంటికి ఆనని నల్లిజాతి పురుగులే కారణము. ఇవి ఇతర పిల్లులకును, కుక్కలకును పాకును. కావున ఇంటనున్న వానికన్నిటికిని ఒకేసారి చికిత్స జరుగవలెను. గ్రుడ్డు పురుగుగా ఎదుగుటకు సుమారు 3 వారములు పట్టును గనుక మందు నడుమ మానరాదు.

చెవిలో కండ పెరుగుట వేరొక వ్యాధి. లేత వయసు పిల్లులలో అది తరచు ప్రమాదరహితమే, శస్త్రచికిత్సతో తొలగింపవచ్చును. ముసలి పిల్లి చెవిలోని గడ్డ, తెల్లపిల్లి చెవి కొనపై మానని పుండు క్యాన్సరు కావచ్చును. తల ఒక ప్రక్కకు వాలినచో వ్యాధి చెవి లోపలి భాగములకు చేరినదని శంకింపవలెను.

చెవిలో కిరోసినుగాని, కాచిన నూనెగాని పోయరాదు. కర్ణభేరి చిల్లిపడియున్నచో అది లోనికి దిగి చెవుడు కలిగింపవచ్చును. కుక్కలకు వాడు పెర్మెత్రిన్, మనుష్యులు వాడు పారాసిటమాల్ పిల్లికి ప్రాణాంతకములు.

నాదర్‌గుల్ పరిసరములవారికి రాజేంద్రనగరు పశువైద్య కళాశాల అందుబాటులోనే కలదు. ఇతరులు సమీప పశువైద్యశాలకు పోవలెను. చెవి చూచునపుడు పిల్లి గీరినను, కరచినను 15 నిమిషములు సబ్బునీటితో కడిగి, రేబీసు టీకాకై వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను. సభ్యులు ఈ సంగతులను గ్రామసభయందు తెలియజేయుదురుగాక!