తేనె పట్టిస్తే చికెన్ పాడవదా?

ప్రశ్న: ఏటూరునాగారం అడవి తేనె ఇంట్లో ఉంది. చికెన్‌కు పట్టించి రాత్రంతా బయటే ఉంచినా బ్యాక్టీరియా పెరగదంటున్నారు. నిజమేనా?
– ఒక గృహిణి, హన్మకొండ

జవాబు: బయట మాత్రం ఉంచకండమ్మా. బాగా పండిన తేనెలో నీరు 20 శాతం లోపే ఉంటుంది, ఆమ్లగుణం ఎక్కువ. అందుకే సీసాలో సూక్ష్మజీవులు పెరగలేవు. కొద్దిగా నీరు తగిలితే అందులోని ఎంజైమ్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది, అదీ వాటిని అడ్డుకుంటుంది. కానీ మాంసంలోని తడికి తేనె పలచబడిపోతుంది. సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియాను పూర్తిగా చంపుతుందని నమ్మలేం. మన వరంగల్ ఎండల్లో మరీ ప్రమాదం. రుచి కోసం నిక్షేపంగా పట్టించండి, ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపు ఉంచండి, ముక్క లోపల కూడా 75 డిగ్రీలు దాటేలా వండండి. తేనెటీగల జిగురు ప్రొపోలిస్ ప్రయోగశాలల్లో లిస్టీరియా అనే బ్యాక్టీరియాను అణచింది గానీ, వంటింట్లో దాన్ని నమ్ముకోవద్దు. ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించనే కూడదు, అందులో బొటులిజం అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు.