చెల్లని చెక్కు కేసులలో దస్తూరి పరీక్ష

పల్లెలలో అప్పు ఇచ్చువారిలో పలువురు నేడు ప్రామిసరీ నోటుతో తృప్తి చెందుట లేదు. సంతకము మాత్రము చేసిన ఖాళీ చెక్కును గూడ పూచీగా పుచ్చుకొనుచున్నారు. ఎరువులు అరువిచ్చు దుకాణములలోను, చిట్టీల వద్దను ఈ వాడుక కలదు. తరువాత తగవు వచ్చి, ఆ చెక్కు పెద్ద మొత్తముతో బ్యాంకుకు పోయి, చెల్లక తిరిగివచ్చును. అప్పుడు ఖాతాదారు పంచాయతీ సభ్యుల యొద్దకు వచ్చి, “అంకెలు నేను వ్రాసినవి కావు, దస్తూరి నిపుణునికి పంపించెదను” అనును. ఈ మాటకు కోర్టులో ఎంత విలువ గలదో సభ్యులు తెలిసికొనవలెను.

1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టమున చేర్చిన 138వ సెక్షను 1989 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నది. ఖాతాలో చాలినంత సొమ్ము లేక చెక్కు తిరిగివచ్చి, నోటీసు అందిన 15 దినములలో గూడ సొమ్ము చెల్లింపనిచో అది నేరము. రెండేండ్ల వరకు జైలు గాని, చెక్కు మొత్తమునకు రెండింతల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. సాధారణముగా నేరమును రుజువు చేయవలసినవాడు ఫిర్యాది. ఇచ్చట అట్లు కాదు. సంతకము ముద్దాయిదని తేలినచో, చెక్కు బాకీ నిమిత్తమే ఇచ్చినదని 139వ సెక్షను ప్రకారము కోర్టు భావింపవలెను. కాదని చూపు భారము ముద్దాయిదే.

కనుక సంతకము తనదేనని ఒప్పుకొన్నవాడు, అంకెలు, తేదీ మరియొకరు వ్రాసిరని వాదించుట వలన ప్రయోజనము లేదు. తన యిష్టముతో ఖాళీ చెక్కుపై సంతకము చేసి ఇచ్చినను ఈ భావన వర్తించునని 2019లో సుప్రీం కోర్టు చెప్పినది. 2022లో ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్ అప్పీలులో, వ్రాత ముద్దాయిది కాదని నిపుణుడు చెప్పినను అది చాలదని తేల్చినది. అట్టివాడు ఆ ఖర్చు మాని, బాకీ లెక్కను చూపుట మేలు. తీర్చిన కిస్తుల రసీదులు, దుకాణపు పద్దు, బ్యాంకు జమలు, అంత అప్పిచ్చు స్తోమతు ఫిర్యాదికి లేదను సాక్ష్యము, ఇవియే పనికివచ్చును. సందేహమునకు తావు లేకుండ రుజువు చేయనక్కరలేదు. తన మాట నమ్మదగినదిగా తోచిన చాలును.

సంతకమే తనది కానిచో సంగతి వేరు. అప్పుడు పరీక్ష కోరుట ముద్దాయి హక్కు. కాలయాపనకై కోరినదని తోచిననే కోర్టు నిరాకరించును. అయితే విచారణ కోర్టులోనే కోరవలెను. అప్పీలులో కోరిన ఒక ముద్దాయికి 2024 జనవరిలో సుప్రీం కోర్టు అవకాశ మియ్యలేదు. బ్యాంకులోని నమూనా సంతకపు ధృవీకృత ప్రతిని తెప్పించుకొని మొదటనే చూపియుండవచ్చునని పలికినది.

నిపుణుడు పరీక్షించునది అక్షరముల ఆకారము మాత్రమే కాదు. కలము వేగము, ఒత్తిడి, ఎచ్చట ఎత్తెను, గీత వణకెనా, అన్నియు చూచును. చూచి వ్రాసిన దొంగ సంతకము మెల్లగా సాగుటచే తరచు వణకును. మన సంతకమును మనమే రెండుమార్లు సరిగా ఒకే తీరున చేయలేము. అచ్చు గ్రుద్దినట్లు కలిసిన రెండు సంతకములను అనుమానింపవలెను! పోలికకు ఆ కాలపు సంతకములే తగినవి: రిజిస్టరు దస్తావేజులు, సహకార సంఘపు పత్రములు మొదలగునవి. తగవు పుట్టిన పిదప చేసినవానికి విలువ తక్కువ. నిపుణుని మాటయు అభిప్రాయమే. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ సాక్ష్య అధినియమము 72వ సెక్షను క్రింద న్యాయాధికారి స్వయముగా పోల్చి చూడవచ్చును.

నోటీసు అందినవాడు తన సంతకము కాదన్న సంగతిని వెంటనే లిఖితపూర్వకముగా తెలుపవలెను. మౌనముగా నుండి కోర్టులో క్రొత్తగా చెప్పినచో నమ్ముట కష్టము. ఖాళీ చెక్కు ఇయ్యక తప్పని స్థితి వచ్చినచో, ఏ నంబరు చెక్కు, ఎంత అప్పుకు పూచీగా ఇచ్చినది అను సంగతిని కాగితముపై వ్రాసి అవతలివాని సంతకము తీసికొనవలెను. అప్పు తీరిన దినముననే ఆ చెక్కును తిరిగి పుచ్చుకొనవలెను.